ఆగిపోయిన రీఫ్ ట్యాంకు: తిరిగి మొదలుపెట్టేముందు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్ళలో చాలామంది ఏదో ఒకనాడు దాన్ని ఆపేస్తారు. ఇల్లు మారుతుంది, ఉద్యోగం ఇంకో ఊరికి లాక్కెళ్తుంది, పసిబిడ్డ పుట్టాక తొట్టె చూసుకునే తీరిక దొరకదు, లేదా వేసవిలో ఒక్క రాత్రి కరెంటు పోయి తెల్లవారేసరికి చేపలన్నీ తేలిపోతాయి. గాజు తొట్టె స్టోర్‌రూమ్‌కు చేరుతుంది, రాళ్ళు గోనెసంచిలో ఎండుతాయి. కొన్నేళ్ళకు మనసు మళ్ళీ అటు పోతుంది. సామానంతా ఉంది కదా, నీళ్ళు పోసి ఉప్పు కలిపి మొదలుపెట్టేస్తే సరిపోదా అనిపిస్తుంది.

సరిపోదు. ఎందుకు సరిపోదన్న దాని మీద అరవై ఏళ్ళుగా అక్వేరియం పెంపకందారులూ జీవశాస్త్రజ్ఞులూ చెబుతూ వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఒకదానితో ఒకటి పొసగవు. పాతవాళ్ళ చేతి అనుభవం ఒకటి చెబితే సూక్ష్మజీవుల మీద జరిగిన పరిశోధన ఇంకొకటి చెబుతుంది. అవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక నాకు గట్టిగా అనిపించేది ఇది: కొత్తగా మొదలుపెట్టేవారికి లేని లాభమూ, లేని ప్రమాదమూ తిరిగి మొదలుపెట్టేవారికి ఒకే వస్తువులో దొరుకుతాయి. ఆ వస్తువు పాత రాయి. దాని మీద ఇంకా ఏం బతికి ఉందో, దాని లోపల ఏం ఇంకి ఉందో తేల్చుకున్నాకే మిగతా సామాను సంగతి.

రాయికి ఈ ప్రాధాన్యం మొదటినుంచీ లేదు. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల ఇళ్ళలో సముద్రపు చేపల తొట్టె అంటే గులకరాళ్ళ కింద ఒక ఫిల్టరు, అలంకారానికి తెల్లగా బ్లీచ్ చేసిన పగడపు అస్థిపంజరాలు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన దీనికి ఎదురు దారి పట్టాడు. సముద్రం నుంచి జీవమున్న రాళ్ళు తెచ్చి తొట్టెలో పేర్చి, సన్నగా గాలి బుడగలు వదిలి, ఎండ తగలనిచ్చాడు. 1961లో ఆ పద్ధతి గురించి అమెరికా పత్రిక ‘ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్’లో రాశాడు. ఈనాడు మనం లైవ్ రాక్ అంటున్నది అదే. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1980లలో జార్జ్ స్మిట్ వ్యాసాలతో అమెరికాలో మినీ రీఫ్, అంటే పగడాలతో సహా పెంచే తొట్టె, అన్న మాట మోగింది. ప్లాస్టిక్ బంతుల మీదుగా నీరు జల్లుగా పడే వెట్-డ్రై ఫిల్టర్లు వచ్చాయి. అమ్మోనియాను అవి చక్కగా మార్చేవి కానీ చివరికి పోగయ్యే నైట్రేటును ఏమీ చేయలేకపోయేవి. యూరప్‌లో పీటర్ విల్కెన్స్, డీట్రిచ్ స్టూబర్ వంటివాళ్ళు లైవ్ రాక్‌నూ వ్యర్థాలను నురుగుగా లాగే బలమైన ప్రోటీన్ స్కిమ్మర్‌నూ నమ్ముకున్నారు. బెర్లిన్ పద్ధతి అంటే అది. మొనాకోలో జాఁ జోబేర్ ఇసుక అడుగున కదలని నీటి పొరను ఉంచి నైట్రేటును తగ్గించాడు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ పాచిని పెంచి, దాంతోనే నీటిని శుద్ధి చేశాడు. ఆ తర్వాత రాన్ షిమెక్ ప్రచారంతో మందపాటి ఇసుక పరుపులు ఇంటింటా వెలిశాయి. కొన్నాళ్ళకే ఆ ఇసుక మురికి గుంట అయిందని తీసి పారేసి, ఉత్త గాజు అడుగుతో నడిపేవాళ్ళూ బయల్దేరారు.

మీ ఆగిపోయిన తొట్టె వీటిలో ఏ కాలానిదో గుర్తుచేసుకోండి, ఎందుకంటే అందులోని సామాను ఆ కాలపు నమ్మకాలకు సరిపోయేలా కొన్నది. ప్లాస్టిక్ బంతులున్న డబ్బాను నేనైతే మళ్ళీ వాడను. మెటల్ హాలైడ్ దీపాలు పనిచేస్తుంటే పగడాలకు ఇప్పటికీ మంచివే; కరెంటు బిల్లూ వేడీ భరించగలగాలి, అంతే. పెన్‌స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ఆచార్యుడు సంజయ్ జోషి ఏళ్ళ తరబడి ఈ దీపాల వెలుతురును కొలిచి లెక్కలు ప్రకటించాక, ఏ బల్బు ఎంత ఇస్తుందన్నది వ్యాపారి మాట మీద ఆధారపడే విషయం కాకుండా పోయింది. ఎల్ఈడీలు వచ్చాక కూడా ఆ కొలిచే అలవాటు నిలబడడం ఈ అభిరుచికి జరిగిన పెద్ద మేలు.

మిగతా సామాను గురించి క్లుప్తంగా. పాత హీటరును పారేయండి. దాని థర్మోస్టాట్ ఆన్‌లోనే ఇరుక్కుపోయి తొట్టె మొత్తాన్ని ఉడికించడం తరచూ జరిగేదే. పంపుల్లో అయస్కాంతం పైపూత పగిలి తుప్పు కనిపిస్తే దాన్నీ వదిలేయండి, ఆ లోహం నీటిలోకి దిగుతుంది. మిగిలిన పంపులను నిమ్మఉప్పు కలిపిన నీటిలో ఒక రాత్రి నానబెడితే పేరుకున్న సున్నమంతా వదిలిపోతుంది. గాజు అంచుల్లో సిలికాన్ గోటితో గీరితే లేచి వస్తుంటే మళ్ళీ వేయించుకోవాలి. ఏమీ లేకపోయినా సరే, చదునైన నేల మీద మంచినీళ్ళు నింపి కొన్ని రోజులు ఉంచి చూడకుండా ఇంట్లోకి తేకూడదు. నాలుగు వందల లీటర్ల తొట్టె రాళ్ళతో, స్టాండుతో కలిపి అర టన్ను దాటుతుంది. అపార్టుమెంటులో ఏ గోడ పక్కన పెడుతున్నామన్నది ఆలోచించాలి. ఉప్పునీరూ కరెంటూ ఒకేచోట ఉంటాయి కాబట్టి, కరెంటు లీకైతే సరఫరా ఆపే ఈఎల్‌సీబీ లేకుండా ఒక్క ప్లగ్గు కూడా పెట్టవద్దు.

ఇక రాయి. తిరిగి మొదలుపెట్టేవారి చేతిలో అది మూడు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. తొట్టె ఆగలేదు, నిర్లక్ష్యంతో పాచిపట్టి నడుస్తూనే ఉంది, రాయి తడిగా, జీవంతో ఉంది. లేదా కరెంటు పోయో జబ్బు సోకో తొట్టె ఈమధ్యే చచ్చిపోయింది, రాయిలో కుళ్ళు ఉంది. లేదా ఎండిపోయి ఏళ్ళయింది. ఈ మూడింటికీ ఒకే మందు చెప్పే సలహాలు చాలా కనిపిస్తాయి. నాకు వాటితో పేచీ ఉంది. పాచి పట్టినా నడుస్తున్న తొట్టెలోని రాయిని యాసిడ్‌లో ముంచమనడం చేతిలో ఉన్న సంపదను తగలబెట్టమనడమే. దానికి కావలసింది చేత్తో పాచి పీకడం, బ్రష్షుతో ఉప్పునీటిలో రుద్దడం, ఫాస్ఫేటు తగ్గించడం, నత్తలను వేయడం, కొన్ని వారాల ఓపిక. చచ్చిపోయిన తొట్టె రాయిని మాత్రం చీకట్లో వేరే టబ్బులో, పంపు తిప్పుతూ, నీళ్ళు మారుస్తూ కుళ్ళు పోయేదాకా ఉంచాలి.

ఎండిన రాయి దగ్గర ముందు ఒక ప్రాణాపాయం గురించి చెప్పాలి. జోయాంథిడ్లు, ముఖ్యంగా పాలిథోవా అనే గుండీల్లాంటి మెత్తని పగడాల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ ఉంటుంది. ప్రకృతిలో తెలిసిన అతి తీవ్రమైన విషాల్లో అది ఒకటి. ఆ జీవులు అంటుకున్న రాళ్ళను శుభ్రం చేద్దామని వేడినీళ్ళు పోసినవాళ్ళు, ఉడకబెట్టినవాళ్ళు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు నమోదై ఉన్నాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2012–2014 మధ్య అలాస్కాలో జరిగిన ఇలాంటి కేసులను ప్రచురించింది. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో తొట్టె శుభ్రం చేస్తుండగా ఇదే జరిగి, సాయానికి వచ్చిన సిబ్బంది కూడా ఆస్పత్రికి వెళ్ళవలసి వచ్చింది. ఎండిపోయిందంటే విషం పోయిందని కాదు. కాబట్టి రాయిని ఎప్పుడూ ఉడకబెట్టకూడదు, ప్రెషర్ వాషర్‌తో కొట్టకూడదు, పొడిగా గీరకూడదు. గ్లవ్స్, కళ్ళజోడు పెట్టుకుని, ఒక పాలు బ్లీచ్‌కు పది పాళ్ళు చన్నీళ్ళు కలిపి కనీసం అరగంట నానబెట్టాకే చేయి పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో ఈ పని ఆరుబయటే.

బ్లీచ్ ఇంకో పని కూడా చేస్తుంది. రాయి రంధ్రాల్లో ఎండి ఉన్న స్పాంజీలనూ పురుగులనూ కరిగిస్తుంది. కొన్ని రోజులు నానాక బాగా కడిగి, హైపో (సోడియం థయోసల్ఫేటు) వేసి క్లోరిన్ విరిచి, ఎండబెట్టాలి. కొందరు ఆ తర్వాత పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచి పై పొరను కరిగిస్తారు. బాత్‌రూమ్ యాసిడ్ అని అమ్మేది అదే. యాసిడ్‌లో ముంచడం తప్పనిసరి అని నేననుకోను. చేసితీరాలనుకుంటే మాత్రం బ్లీచ్ చుక్క కూడా మిగలకుండా చూసుకోవాలి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఇంత కడిగినా పోనిది ఒకటుంది. లైవ్ రాక్ అంటే కాల్షియం కార్బొనేటు, దానికి ఫాస్ఫేటును పట్టి ఉంచే గుణం ఉంది. పాత తొట్టెలో ఏళ్ళ తరబడి చేపలకు వేసిన మేతలోని ఫాస్ఫేటు రాయి ఉపరితలాలకు అంటుకుని ఉంటుంది. కొత్త నీటిలో ఫాస్ఫేటు తక్కువ కాబట్టి రాయి దాన్ని మెల్లమెల్లగా వదులుతుంది. పాత రాళ్ళతో మొదలైన తొట్టెల్లో నెలల తరబడి వెంట్రుకల పాచి వదలకపోవడానికి చాలావరకు కారణం ఇదే. దీన్ని తేల్చుకోవడం కష్టం కాదు. రాయిని ఉప్పునీటి టబ్బులో చీకట్లో పెట్టి వారం వారం ఫాస్ఫేటు కొలిస్తే తెలుస్తుంది. అంకె పెరుగుతూ పోతుంటే నీళ్ళు మార్చడం, ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడడం, లాంథనం క్లోరైడుతో ఫాస్ఫేటును అడుక్కు దించి వడగట్టడం, ఏదో ఒకటి ఆ టబ్బులోనే, చేపలు రాకముందే చేసుకోవాలి. ఇంకో అనుమానం రాగి. వెనక ఎప్పుడైనా ఆ తొట్టెలో చేపల జబ్బుకు రాగి మందు పోసి ఉంటే, కార్బొనేటు రాళ్ళు దాన్ని పీల్చుకుని ఉంటాయి. రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ రాగి విషం. అలాంటి రాళ్ళను చేపల తొట్టెకు వాడుకోవచ్చేమో గానీ రీఫ్‌కు వద్దు.

పాత ఇసుక గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. పారేయండి. గాలి ఆడని మందపు ఇసుకలో హైడ్రోజన్ సల్ఫైడ్ నిలవ ఉంటుంది, కదిపితే కుళ్ళిన గుడ్ల వాసనతో నల్లగా లేస్తుంది, చేపలను చంపుతుంది. కొత్త ఇసుకకు అయ్యే ఖర్చు ఆ ప్రమాదం ముందు ఏపాటిది?

నీటి దగ్గర మన తెలుగువాళ్ళకు ఒక ఆశ పుడుతుంది: సముద్రం పక్కనే ఉంది, ఉప్పుమడులున్నాయి, ఖరీదైన దిగుమతి ఉప్పు ఎందుకని. నౌపడాలోనో చినగంజాంలోనో మడిలో సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు మొదట అడుగుకు దిగేది కాల్షియం, కార్బొనేటుగానూ జిప్సంగానూ. తర్వాతే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చివర మిగిలిన చేదు నీటిలో ఉండిపోతాయి. చేతికొచ్చిన కల్లుప్పు దాదాపు సోడియం క్లోరైడే. దాన్ని నీటిలో కలిపితే మళ్ళీ సముద్రం కాదు. పగడానికి కావలసిన కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1300 అందులో లేవు. సముద్రపు నీళ్ళే తెచ్చుకుందామంటే, వర్షాకాలం తర్వాత బంగాళాఖాతం పడమటి తీరంలో నదుల వరద వల్ల పైనీటి ఉప్పదనం వెయ్యికి 30 కంటే కిందికి పడిపోతుంది. రీఫ్‌కు 35 కావాలి. ఓడరేవుల పక్క నీటిలో ఇంకేం ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకని రీఫ్ కోసం తయారైన సాల్ట్ మిక్స్, ఆర్వో తర్వాత డీఐ రెసిన్ కూడా దాటిన నీరు, వీటి దగ్గర పొదుపు పనికిరాదు. హైదరాబాద్ బోరునీళ్ళ మీద ఆర్వో మెంబ్రేన్ త్వరగా పాడవుతుంది కాబట్టి టీడీఎస్ మీటరు చూస్తూ ఉండాలి.

ఇప్పుడు సైక్లింగ్, అంటే అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు తొట్టెలో స్థిరపడేదాకా ఆగడం. మొదలుపెట్టే ప్రతివారూ అడిగే ప్రశ్న ఎన్నాళ్ళు పడుతుందని. మామూలుగా మూడు నుంచి ఆరు వారాలంటారు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైటుగా, ఇంకో జాతి నైట్రేటుగా మారుస్తాయని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. నైట్రోసోమోనాస్, నైట్రోబ్యాక్టర్ అన్న పేర్లు అందరికీ కంఠస్థం. 1998లో టిమ్ హోవనెక్, ఆయన సహచరులు అక్వేరియం ఫిల్టర్లలో నైట్రైటును మార్చేది నైట్రోబ్యాక్టర్ కాదనీ, నైట్రోస్పైరాకు దగ్గరి బ్యాక్టీరియా అనీ చూపించారు. అప్పటిదాకా సీసాల్లో అమ్ముడైన బ్యాక్టీరియా ఎందుకు పనిచేయలేదో దాంతో కొంత అర్థమైంది. ఇంతకంటే నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇంకొకటి. సియాటిల్ నగర అక్వేరియంలో ఒక ఉష్ణమండలపు ఉప్పునీటి తొట్టె గులకరాళ్ళ నుంచి 2005లో శాస్త్రజ్ఞులు ఒక సూక్ష్మజీవిని వేరుచేశారు. అది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే వంశానిది. అమ్మోనియాను తిని బతుకుతోంది. నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అని దానికి పేరు పెట్టారు. దాని బంధువులు మహాసముద్రాలన్నిటా లెక్కలేనంతగా ఉన్నాయని తర్వాత తేలింది. భూగోళపు నైట్రోజన్ చక్రంలో ఇంత పెద్ద పాత్రధారి మొదటిసారి చేతికి దొరికింది ఒక చేపల తొట్టెలో! అక్వేరియం పెంపకాన్ని కాలక్షేపం అనుకునేవాళ్ళకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

చేపలను బలిపెట్టి సైకిల్ చేసే పాత పద్ధతిని ఎవరూ సమర్థించకూడదు. ఒక చేపను అమ్మోనియాలో మొప్పలు కాలేలా ఉంచడం క్రూరత్వం. దాని బదులు శుద్ధమైన అమ్మోనియం క్లోరైడు, అంటే కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారమే, లేబొరేటరీ రకం తెచ్చి లీటరుకు రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా చూపేలా వేసి, సీసా బ్యాక్టీరియా కలిపి, అది ఒక్క రోజులో సున్నాకు వస్తోందా లేదా చూస్తే చాలు. నైట్రైటు గురించి కంగారు పడనక్కరలేదు. సముద్రపు నీటిలో దండిగా ఉన్న క్లోరైడు చేప మొప్పల దగ్గర దాన్ని అడ్డుకుంటుంది. పైగా నీటిలో నైట్రైటు ఉన్నంతకాలం నైట్రేటు కిట్ తప్పుడు అంకె ఎక్కువగా చూపిస్తుంది, దాన్ని చూసి నీళ్ళు మార్చేవాళ్ళున్నారు.

సైకిల్ అయిపోయింది కదా అని సంబరపడే చోటే చాలా తొట్టెలు రెండోసారి ఆగిపోతాయి. అమ్మోనియాను మార్చే జీవులు రాయి మీద ఉండవలసిన సముదాయంలో చిన్న భాగం. మిగతా చోటంతా ఖాళీగా ఉంటే మొదట గోధుమరంగు డయాటములు వస్తాయి, తర్వాత ఎర్రటి సయనోబ్యాక్టీరియా పొరలు, ఆ తర్వాత వెంట్రుకల పాచి. ఇవి వస్తాయి, పోతాయి. భయపెట్టేవి డైనోఫ్లాజెల్లేట్లు. బుడగలు పట్టిన గోధుమ రంగు జిగురులా పగలు పరుచుకుని రాత్రి పలచబడే ఈ జీవుల్లో ఆస్ట్రియాప్సిస్ వంటివి నత్తలను చంపేంత విషపూరితం. ఎండిన, బ్లీచ్ చేసిన రాళ్ళతో మొదలుపెట్టిన తొట్టెల్లో, నైట్రేటూ ఫాస్ఫేటూ సున్నా చేసేయాలని పట్టుబట్టినవాళ్ళ దగ్గర ఇవి ఎక్కువగా కనిపిస్తాయన్నది పెంపకందారుల అనుభవం. ఒక తరం పాటు అందరం సున్నాను లక్ష్యంగా పెట్టుకున్నాం. ఇప్పుడు నైట్రేటు లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 వరకు ఉండనివ్వడమే క్షేమమన్న అభిప్రాయం బలపడింది. నేనూ ఈ పక్షమే.

శుభ్రమైన ఎండు రాయి వాదులదీ, జీవమున్న రాయి వాదులదీ పాత పోట్లాట. ఎండు రాయితో ఐప్టేసియా అనే తెగబలిసే పూవులాంటి జీవి రాదు, పురుగులు రావు, జబ్బులు రావు. జీవమున్న రాయితో ఇవన్నీ రావచ్చు కానీ దాంతోపాటే స్పాంజీలు, రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న కోపిపాడ్లు, వేల రకాల సూక్ష్మజీవులు వస్తాయి, తొట్టె త్వరగా స్థిరపడుతుంది. నా మాట అడిగితే, శుభ్రం చేసిన మీ పాత రాళ్ళతో పేర్పంతా కట్టి, ఎవరైనా నమ్మకస్థుడి దగ్గర ఏళ్ళుగా నడుస్తున్న తొట్టె నుంచి గుప్పెడు రాయినో రెండు గుప్పిళ్ళ ఇసుకనో అడిగి తెచ్చి, తొట్టె కింద ఫిల్టరు డబ్బాగా ఉండే సంప్‌లో వేయండి. పెరుగుకు తోడు పెట్టినట్టు అంతే చాలు. ఐప్టేసియా వస్తే బెర్గియా అనే సముద్రపు జలగలాంటి నత్త దాన్నే తిని బతుకుతుంది, దారి ఉంది. డైనోలకు అంత తేలిక మందు లేదు.

చేపల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. తెల్లమచ్చ జబ్బు తెచ్చే క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ తన జీవితంలో కొంతకాలం చేప మీద, కొంతకాలం రాయికీ ఇసుకకూ అంటుకుని గుడ్డులాంటి తొడుగులో గడుపుతుంది. ఆ తొడుగు నుంచి 72 రోజుల తర్వాత కూడా పిల్లలు బయటికి వచ్చిన సందర్భాన్ని పరిశోధకులు నమోదు చేశారు. అందుకే జబ్బుతో ఆగిన తొట్టె తడిగా ఉంటే, చేపలు లేకుండా రెండున్నర నెలలు ఖాళీగా నడపమంటారు. రాళ్ళు పూర్తిగా ఎండిపోతే ఆ బాధ లేదు. తిరిగి మొదలుపెట్టేవారికి తొందర అక్కరలేదనడానికి ఇదొక్కటే చాలు. కొత్త చేపను వేరే తొట్టెలో కొన్ని వారాలు ఉంచకుండా నేరుగా వేయడం మొదటిసారి తెలియక చేసి ఉండవచ్చు, రెండోసారి ఆ సాకు ఉండదు.

ఎలాంటి చేప అన్నది ఇంకా ముఖ్యం. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సయనైడు చల్లి చేపలను మత్తెక్కించి పట్టే అలవాటు పగడపు దిబ్బలను నాశనం చేసింది. ఇప్పుడు ఆ అవసరం తగ్గుతోంది. క్లౌన్ చేపలను 1970ల నుంచే హాచరీల్లో పెంచుతున్నారు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాటి పెంపకాన్ని విజయవంతంగా చేసి చూపించింది. పసుపు టాంగ్‌ను 2015లో హవాయిలో, నీలి టాంగ్‌ను 2016లో ఫ్లోరిడాలో మొదటిసారి గుడ్డు నుంచి పెద్ద చేప దాకా పెంచగలిగారు. ఒకసారి జీవాలు పోగొట్టుకున్న తొట్టెను మళ్ళీ నింపేటప్పుడు హాచరీ చేపనే కొనడం మన బాధ్యత అని నా నమ్మకం.

మనదేశంలో పగడాల సంగతి వేరు. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలతో సహా, 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులి సరసన ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దిబ్బల నుంచి ఒక్క కొమ్మ తెచ్చినా నేరమే. రామేశ్వరం వైపు నుంచి చాటుగా వచ్చిన రాయి అంటూ ఎవరైనా అమ్మజూపితే అక్కడితో మాట ఆపేయాలి. కోస్తా ఆంధ్రకు పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం గోదావరి, కృష్ణ తెచ్చే మట్టీ మంచినీరూ. దేశంలో దిబ్బలు ఉన్న కొద్ది చోట్లా అవి 1998 నాటినుంచీ వేడికి తెల్లబారుతూ ఉన్నాయి. అంతర్జాతీయ వన్యప్రాణి వర్తక ఒప్పందమైన సైటిస్ జాబితాలోని విదేశీ జీవులను ఉంచుకునేవాళ్ళు నమోదు చేసుకోవాలని 2022 చట్ట సవరణ చెప్పింది, దానికి 2024లో నియమాలు వచ్చాయి. కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో తొట్టెను మళ్ళీ నింపాలనుకునేవారికి నా సలహా: హాచరీ చేపలు, శుభ్రం చేసిన పాత రాయి, కాగితాలు సరిగ్గా ఉన్న జీవులు తప్ప మరేమీ వద్దు. ఈ పరిమితిలోనూ అందమైన తొట్టె సాధ్యమే.

మన ఎండలు ఇంకో సమస్య. పగడాలు తమ నీటి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి వారాల పాటు తగిలితేనే తెల్లబారిపోతాయి. మే నెలలో గది వేడి 35 దాటే ఇంట్లో చిల్లర్ లేకుండా రీఫ్ నడపడం కుదరదు. పైగా 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ నిలిస్తే సముద్రపు నీటిలో ఏడు కూడా నిలవదు. కరెంటు పోయి పంపు ఆగితే చేపలు గంటల్లో పోవడానికి కారణం ఇదే. లైట్లు, స్కిమ్మర్, చిల్లర్ ఆగినా ఫరవాలేదు. నీటిని కదిపే ఒక్క వేవ్‌మేకర్‌ను ఇన్వర్టరుకు కలిపితే రాత్రి గడుస్తుంది. వెనక తొట్టె కరెంటు పోయే ఆగి ఉంటే, ఈ ఏర్పాటు జరగనిదే నీళ్ళు నింపవద్దు. అద్దె ఇంట్లో ఇది కుదరకపోతే తిరిగి మొదలుపెట్టకపోవడమే సరైన నిర్ణయం. రాళ్ళను నడుస్తున్న తొట్టె ఉన్నవారికి ఇచ్చేయవచ్చు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, అక్కడ తొట్టెల్లోనే పెంచి కోసిన పగడపు ముక్కలు కొనుక్కోగల తెలుగువాళ్ళకు చివరి ప్రశ్న ఒకటి మిగులుతుంది: మొదటి రాతి పగడం ఎప్పుడు? నెలలు లెక్కపెట్టడం కంటే రెండు గుర్తులు చూడమంటాను. పంపుల మీదా గాజు మీదా గులాబీరంగు రాతిపాచి చుక్కలు రావడం ఒకటి. ఏమీ కలపకపోయినా ఆల్కలినిటీ, అంటే నీటిలోని కార్బొనేటు నిల్వ, రోజూ కొద్దికొద్దిగా తగ్గుతుండడం రెండోది. సున్నాన్ని వాడుకుని కట్టుకునే జీవులు నిలదొక్కుకున్నాయని ఆ తగ్గుదల అర్థం. అప్పుడు వారం పాటు రోజూ ఒకే సమయంలో కొలిచి ఎంత తగ్గుతోందో తేల్చుకుని, అంతే తిరిగి వేయాలి. చిన్న తొట్టెకు, వాడకం తక్కువ ఉన్నంతకాలం, విల్కెన్స్ కాలం నుంచి నడుస్తున్న సున్నపు తేట చాలు. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడును ఆర్వో నీటిలో కలిపి, పై తేటను మాత్రం, ఆవిరైపోయిన నీటికి బదులుగా రాత్రిపూట చుక్కలు చుక్కలుగా వదలాలి. ఒకేసారి పోస్తే పీహెచ్ ఎగిరిపోతుంది. ఆల్కలినిటీ 8 డీకేహెచ్ దగ్గర నెలరోజులు కదలకుండా ఉన్నాక చవకైన, గట్టి రకం ముక్క ఒకటి పెట్టి, అది అంచుల్లో పెరగడం కనిపించేదాకా రెండోది కొనవద్దు.